ద్వేషమా, గొడవా? ధర్నా చౌక్‌లో పోలీసులు చూసేది ఏది

2024 అక్టోబర్ 27న హైదరాబాద్ పోలీస్ కమిషనర్ ఒక నోటిఫికేషన్ ఇచ్చారు. నవంబర్ 28 దాకా నగరంలో ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది గుమిగూడకూడదు, ర్యాలీలు వద్దు, ధర్నా చేసుకోవాలంటే ఇందిరా పార్క్ దగ్గర ధర్నా చౌక్ ఒక్కటే. అప్పట్లో బెటాలియన్ కానిస్టేబుళ్ల ఇళ్లలో ఆడవాళ్లే 'ఏక్ పోలీస్', అంటే రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం కావాలంటూ రోడ్డెక్కి ఉన్నారు, ఇంకోపక్క దీపావళి, దాంతో కర్ఫ్యూ పెట్టారంట అని వాట్సాప్‌లో గోల మొదలైతే, కర్ఫ్యూ కాదు బాబూ, పండక్కీ దీనికీ సంబంధం లేదు అని కమిషనరే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ గోలలో అసలు వాక్యం ఎవరి కంటా పడలేదు. ప్రసంగాలతో పాటు సైగలు, బొమ్మలు, చిహ్నాలు, ప్లకార్డులు, జెండాలు, ఎలక్ట్రానిక్ మెసేజ్‌లు, ఇవన్నీ కూడా శాంతిభద్రతలకు భంగం కలిగించేలా ఉంటే నిషేధం అని అందులో ఉంది.

ఏ చిహ్నం? ఏ జెండా? అది రాయలేదు. రాయరు కూడా. మన దగ్గర నిషేధించిన చిహ్నాల జాబితా అంటూ ఒకటి లేదు. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద నిషేధించిన సంస్థల జెండా పట్టుకుని తిరిగితే అది వేరే తలనొప్పి, ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం. మిగతా వాటికి మాత్రం అక్కడ బందోబస్తులో ఉన్న ఎస్సై గారి చూపే జాబితా. ప్లకార్డు చదివి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, దీంతో గొడవ అవుతుందా అవదా అని ఆయన లెక్క వేసుకుంటాడు. గమనించండి, ఇందులో ద్వేషం ఉందా లేదా అన్నది ఆయన లెక్కలోకి రావడం లేదు.

నాకు తెలిసి ఈ గందరగోళం అంతటికీ మూలం అక్కడే ఉంది. 'ఇది ఒక వర్గం మీద ద్వేషాన్ని రెచ్చగొడుతోందా' అనేది ఒక ప్రశ్న, 'దీనివల్ల ఇవాళ ఇక్కడ కొట్లాట జరుగుతుందా' అనేది ఇంకో ప్రశ్న. రెంటికీ వేరే చట్టాలు, వేరే పరీక్షలు, వేరే శిక్షలు. రోడ్డు మీదకొచ్చేసరికి రెండూ కలిపేస్తాం. కలిపేస్తే ఏమవుతుందంటే, కొట్లాట రాని చోట ఎంత విషం కక్కినా చెల్లిపోతుంది, ఎవరికో కోపం వచ్చిందంటే చాలు, ఏ పాపం ఎరుగని ముక్క కూడా పోలీసు జీపు ఎక్కుతుంది.

ముందు ద్వేషం సంగతి. రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది. నినాదం, జెండా, నల్ల రిబ్బన్ ఇవన్నీ 'మాట' కిందికే వస్తాయా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు గానీ, ప్రదర్శన కూడా భావప్రకటనే అని సుప్రీంకోర్టు 1962లోనే బీహార్ ప్రభుత్వ ఉద్యోగుల కేసులో చెప్పేసింది. హక్కుతో పాటే పరిమితులూ ఉన్నాయి: శాంతిభద్రతలు, దేశ భద్రత, నేరానికి ఉసిగొల్పడం వగైరా. ద్వేషానికి వాడే ముఖ్యమైన సెక్షన్ పాత ఐపీసీలో 153ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196. మాటలతో గానీ, రాతతో గానీ, సైగలతో గానీ, కంటికి కనిపించే ఏ రూపంలో గానీ మతం, జాతి, భాష, కులం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే మూడేళ్ల వరకు జైలు, అదే ప్రార్థనా స్థలంలో అయితే ఐదేళ్ల వరకు. బెయిల్ హక్కుగా రాదు.

చదివితే వల చాలా పెద్దదనిపిస్తుంది. కోర్టులు మాత్రం దాన్ని బాగా చిన్నది చేశాయి. అందులో ఒక ముఖ్యమైన తీర్పు మన హైదరాబాద్ కేసులోనే వచ్చింది. కశ్మీర్ నుంచి వచ్చిన ఒక యువకుడు ఇక్కడి ముస్లిం కుర్రాళ్లకు కశ్మీర్‌లో సైన్యం అత్యాచారాలు చేస్తోందని చెబుతూ తిరిగాడని ఉగ్రవాదులకి వాడే టాడా చట్టం నుంచి 153ఏ దాకా పెట్టారు, కింది కోర్టు రాజద్రోహం కూడా నిజమేనంది. 1997లో సుప్రీంకోర్టు రాజద్రోహం, 153ఏ శిక్షల్ని కొట్టేస్తూ చెప్పింది ఏంటంటే, 153ఏ నిలబడాలంటే కనీసం రెండు వర్గాలు ఉండాలి, ఒక వర్గం మనోభావాల్ని కదిలించినంత మాత్రాన చాలదు, పైగా ఉద్దేశం కూడా రుజువు కావాలి. సైన్యాన్ని తిట్టడం, ప్రభుత్వాన్ని తిట్టడం ఇంకో వర్గాన్ని తిట్టినట్టు కాదు. దానికి రెండేళ్ల ముందు, 1995లో, ఇంకా గట్టి కేసు ఒకటి వచ్చింది. ఇందిరా గాంధీ హత్య జరిగిన రోజు, 1984 అక్టోబర్ 31న, చండీగఢ్‌లో ఒక సినిమా హాలు బయట 'ఖలిస్తాన్ జిందాబాద్' అని అరిచిన వాళ్లది. అంతకంటే రెచ్చగొట్టే రోజు ఉంటుందా చెప్పండి. అయినా అక్కడున్న జనం పట్టించుకోలేదు, ఏమీ జరగలేదు, ఒకటి రెండుసార్లు అరిచినంత మాత్రాన నేరం కాదని వదిలేశారు.

2024 మార్చిలో ఇంకోటి. మహారాష్ట్రలో ఒక కశ్మీరీ ప్రొఫెసర్ వాట్సాప్ స్టేటస్‌లో ఆగస్టు 5 (370 అధికరణం రద్దు చేసిన రోజు) జమ్మూ కశ్మీర్‌కి బ్లాక్ డే అని పెట్టాడు, ఆగస్టు 14న పాకిస్తాన్‌కి స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు అనీ పెట్టాడు. ఎఫ్‌ఐఆర్ కొట్టేస్తూ, భావప్రకటన స్వేచ్ఛ అంటే ఏంటో మన పోలీసు యంత్రాంగానికి నేర్పించాల్సిన సమయం వచ్చిందని సుప్రీంకోర్టే అంది. మరుసటి ఏడాది ఒక ఎంపీ పెట్టిన కవిత మీద గుజరాత్ పోలీసుల కేసు కొట్టేసినప్పుడు ఇంకో మాట గట్టిగా చెప్పింది: మాట ప్రభావాన్ని తూచాల్సింది స్థిరబుద్ధి, ధైర్యం ఉన్న మామూలు మనిషి కొలతతో, చీటికీ మాటికీ బెదిరిపోయేవాడి కొలతతో కాదు.

అంటే ద్వేషం చట్టం ఇరుకైనది, గట్టిది, రుజువు చెయ్యాలి, కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కూడా ఉండాలి. అందుకే రోడ్డు మీద పోలీసులు ఆ దారి పట్టరు. వాళ్లకి ఇంకో దారి ఉంది, సులువైంది. జనం గుమిగూడకుండా ముందే ఆపే పాత సీఆర్‌పీసీ 144, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 163. ఆపైన హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్ ఉంది, నిజాం కాలం నాటిది, పేరులోనే 1348 ఫసలీ అని ఉంటుంది. ర్యాలీకి అనుమతి తీసుకోవాలి, అనుమతితో పాటు షరతులు, రెచ్చగొట్టే నినాదాలు చేయరాదు అని ఒక లైను. ఇంకా ముందు జాగ్రత్త అనుకుంటే పొద్దున్నే ఇంటికొచ్చి గృహ నిర్బంధం, లేదంటే ధర్నా దగ్గర్నుంచి డీసీఎం వ్యాన్ ఎక్కించి ఏదో ఒక స్టేషన్‌లో కూర్చోబెట్టి చీకటి పడ్డాక వదిలెయ్యడం. ఇందులో ఎవరూ ఏ ద్వేషమూ రుజువు చెయ్యక్కర్లేదు. గొడవ అవుతుందేమో అన్న అనుమానం చాలు.

ధర్నా చౌక్ చరిత్రే ఈ అనుమానం కథ. 2017లో అక్కడ ధర్నాలే వద్దు, ఊరి బయటికి పొండి అన్నారు. దాని మీద పెద్ద పోరాటం, మే 15న అక్కడే తోపులాట, చివరికి 2018లో హైకోర్టు జోక్యంతో మళ్లీ తెరుచుకుంది. తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పు చేసిన పార్టీ అధికారంలోకొచ్చాక తీసుకున్న నిర్ణయం అది. నిరసన చేసేటప్పుడు ఉండే బుద్ధి బందోబస్తు చేయించేటప్పుడు ఉండదు, ఏ పార్టీ అయినా అంతే.

గొడవ అవుతుందేమో అనే పరీక్షతో అసలు చిక్కు ఏంటంటే, దాని రిమోట్ ఎదుటివాడి చేతిలో ఉంటుంది. మీ బ్యానర్ చూసి నేను రాళ్లు పట్టుకుని వస్తానని బెదిరిస్తే చాలు, పోలీసులు నన్ను ఆపడం మానేసి మీ బ్యానర్ పీకేస్తారు. ఎందుకంటే పదిమంది కానిస్టేబుళ్లతో వందమందిని ఆపడం కంటే ఒక బ్యానర్ పీకడం తేలిక. సుప్రీంకోర్టు 1989లో ఒక సినిమా కేసులో ఇది కుదరదని చెప్పింది. ప్రదర్శనలు చేస్తాం, హింస చేస్తాం అని బెదిరించారని భావప్రకటన హక్కును అణచెయ్యకూడదు, ఆ మూకను అదుపు చెయ్యడం ప్రభుత్వం పని, మాకు చేతకాదు అనడానికి వీల్లేదు. అణచాలంటే నిప్పురవ్వకీ మందుగుండుకీ ఉన్నంత దగ్గర సంబంధం మాటకీ హింసకీ ఉండాలి. ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ముందు పీకేది బ్యానర్‌నే.

నల్ల రంగు సంగతి చూడండి. ముఖ్యమంత్రి వస్తున్నారంటే నల్ల చొక్కా వేసుకున్నోళ్లని పక్కకు లాగడం, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సభకొచ్చిన ఆడవాళ్ల నల్ల చున్నీలు తీయించిన వార్తలు కూడా చదివాం. ఏ వర్గం మీదా ద్వేషం లేదు, ఎవరికీ బెదిరింపు లేదు, ఒక్క మనిషికి చిరాకు అంతే. 2024 నవంబర్‌లో కేరళ హైకోర్టు, ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి నల్ల జెండా చూపినవాళ్ల కేసు కొట్టేస్తూ, ఏ రంగు జెండా చూపినా దాన్ని అడ్డుకునే చట్టం లేనంతకాలం అది నేరం కాదని తేల్చింది. దీనికి హైకోర్టు దాకా పోవాల్సి వచ్చిందంటేనే విడ్డూరం.

సరే, మరి అసలైన ద్వేషం ఎలా ఉంటుంది? పక్కా జాబితా ఒకటి రాసేసుకుంటే పోదా, ఫలానా ఫలానా గుర్తులు నిషేధం అని? అలా చేసిన దేశాలున్నాయి. జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ కింద నాజీల స్వస్తిక, నాజీ సెల్యూట్ బహిరంగంగా ప్రదర్శిస్తే మూడేళ్ల దాకా జైలు. వాళ్ల చరిత్ర వాళ్లది, ఎందుకు పెట్టుకున్నారో అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ చట్టంతో ఏం జరిగిందో తెలుసా? స్వస్తిక మీద అడ్డగీత కొట్టిన బొమ్మలు, చెత్తబుట్టలో పడేస్తున్న బొమ్మలు అమ్మే ఒక నాజీ వ్యతిరేకి మీదే కేసు పెట్టారు, కింది కోర్టు జరిమానా కూడా వేసింది. గుర్తు గుర్తే కదా, జాబితాలో ఉంది కదా! చివరికి 2007లో అక్కడి అత్యున్నత కోర్టు, అయ్యా, ఇది వ్యతిరేకిస్తున్నట్టు కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా అని వదిలింది.

మనకి స్వస్తిక్ ఇంకో రకంగా ఇబ్బంది. కొత్త కారు కొని జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి తీసుకెళ్తే పూజారి బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పంపిస్తాడు. అదే కుటుంబం మెల్‌బోర్న్ వెళ్లి గృహప్రవేశం చేసుకుని గుమ్మానికి అదే గుర్తు పెట్టుకుంటే? విక్టోరియా రాష్ట్రం 2022లో ఆస్ట్రేలియాలో మొదటిసారిగా నాజీ స్వస్తిక ప్రదర్శనని నిషేధించినప్పుడు హిందువులు, బౌద్ధులు, జైనుల మతపరమైన వాడకానికి చట్టంలోనే మినహాయింపు పెట్టాల్సి వచ్చింది. 2024 జనవరిలో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, అందులోనూ మినహాయింపు ఉంది. అంటే జాబితా రాసినా సరే, చివరికి ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, ఎందుకు వేశారు అని చూడక తప్పడం లేదు. మరి జాబితా చేసిన పని ఏంటి?

అమెరికా ఇంకో చివర. 1977లో ఇల్లినాయ్‌లో స్కోకీ అనే చిన్న ఊరు, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు చాలామంది ఉన్న చోటు, అక్కడే స్వస్తిక జెండాలతో ఊరేగుతామని నాజీలు పట్టుబడితే, సరే మీ హక్కు అని కోర్టులు ఒప్పుకున్నాయి. చివరికి వాళ్లు ఊరేగింది షికాగోలో అనుకోండి, అది వేరే సంగతి. అమెరికా ఉదాహరణ చూపించి మనమూ అలాగే ఉందాం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఊరేగింపు ఏ సందులోంచి వెళ్తుందన్న దాని మీద మనుషులు చచ్చిపోయిన ఊరు మనది.

పైగా కొత్త ద్వేషం జాబితాల్లో దొరకదు. 2023 అక్టోబర్ 14న లండన్‌లో పాలస్తీనా ర్యాలీలో ముగ్గురు ఆడవాళ్లు పారాగ్లైడర్ బొమ్మలు ప్రదర్శించారు. మామూలుగా అయితే అది టూరిజం బొమ్మ. కానీ వారం కిందటే హమాస్ వాళ్లు పారాగ్లైడర్ల మీద ఇజ్రాయెల్‌లో దిగి జనాన్ని చంపారు. నిషేధిత సంస్థకి మద్దతు చూపారని 2024 ఫిబ్రవరిలో కోర్టు వాళ్లని దోషులంది, జైలు మాత్రం వెయ్యలేదు. మన దగ్గర 2024 శ్రీరామనవమి శోభాయాత్రలో హైదరాబాద్ లోక్‌సభ బీజేపీ అభ్యర్థి వట్టి చేతులతో విల్లు ఎక్కుపెట్టి బాణం వదిలినట్టు సైగ చేశారు. రామనవమి రోజు బాణం సైగ చెయ్యడంలో తప్పేముంది? వీడియోలో ఆ చెయ్యి సిద్ది అంబర్ బజార్ మసీదు వైపు తిరిగి ఉన్నట్టు కనిపించింది, బేగంబజార్ పోలీసులు కేసు పెట్టారు, ఆమె మాత్రం వీడియో కత్తిరించి తప్పుడు అర్థం తీస్తున్నారన్నారు. విల్లు లేదు, బాణం లేదు, జెండా లేదు. ఉన్నదల్లా దిశ ఒక్కటే. కేసు ఎటు తేలాలన్నా తేల్చాల్సింది ఆ దిశనే.

ఇది ఒక పక్కదే అనుకోకండి. 2022 ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే ప్రవక్త గురించి మాట్లాడిన వీడియో మీద పాతబస్తీలో రాత్రుళ్లు నిరసనలు జరిగాయి. ఆ వీడియో మీద కోపం, ఆయన్ని అరెస్టు చెయ్యమనే నినాదం, రోడ్డు మీద బైఠాయింపు, ఇవన్నీ హక్కే. తల మొండెం వేరు చెయ్యాలనే నినాదం మాత్రం ఏ రకంగానూ హక్కు కాదు, అది ఒక మనిషిని చంపమని పిలుపు, ఎంతమంది కోరస్‌గా అన్నా సరే. ఇటు ఎమ్మెల్యేని విచారణ లేకుండా ముందే నిర్బంధించే పీడీ యాక్ట్ కింద లోపలేస్తే నవంబర్‌లో హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. ద్వేషం కేసుని ద్వేషం కేసుగా కోర్టులో రుజువు చెయ్యకుండా, మనిషిని కొన్నాళ్లు కనబడకుండా చేస్తే ఊరు చల్లబడుతుందన్న ఆలోచన, మళ్లీ అదే గొడవ లెక్క.

దిశ అన్నాను కదా, మన చట్టంలో దాన్ని సరిగ్గా పట్టుకున్న చోటు ఒకటుంది, ఎవరూ దాన్ని చిహ్నాల చట్టంగా చూడరు: 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. చెప్పుల దండ తీసుకోండి. మన నిరసనల్లో చెప్పుల దండ లేని సీజన్ ఉండదు. మంత్రి దిష్టిబొమ్మ చేస్తారు, గడ్డి కుక్కిన పాత చొక్కా, ముఖం ఉండాల్సిన చోట ఫ్లెక్సీలోంచి కోసిన ఫొటో, మెడలో తెగిపోయిన హవాయి చెప్పుల దండ. ఆటోలోంచి దించగానే కానిస్టేబుళ్లు మీద పడతారు, వీళ్లు కాళ్లు పట్టుకుంటే వాళ్లు తల పట్టుకుంటారు, చివరికి రోడ్డంతా గడ్డి, కెమెరా వాళ్లకి కావాల్సిన ఫొటో దొరుకుతుంది, మర్నాడు పేపర్లో జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. ఆ మంత్రికి అవమానమే, అయితే అది అధికారంలో ఉన్నవాడికి కింద ఉన్నవాడు చేసిన అవమానం, ప్రజాస్వామ్యంలో అది ఉద్యోగంలో భాగం. అవే చెప్పులు అంబేడ్కర్ విగ్రహం మెడలో పడితే? ఆ చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలు పవిత్రంగానో అత్యంత గౌరవంగానో చూసుకునే వస్తువుని, అంటే విగ్రహం, ఫొటో, చిత్రపటం ఏదైనా సరే, ధ్వంసం చేసినా అపవిత్రం చేసినా నేరం. దళితుడి మెడలో చెప్పుల దండ వేస్తే అదీ విడిగా నేరం, 2016 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణతో మాటల్లో స్పష్టంగా రాశారు. ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

ఈ చట్టం చెప్పుల దండని నిషేధించలేదు. ఎవరు ఎవరికి వేశారు అని అడిగింది, అంతే. ఎందుకంటే చెప్పుకి ఈ దేశంలో కొన్ని వందల ఏళ్ల జ్ఞాపకం ఉంది, ఎవరి వీధిలో ఎవరు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారో తెలిసినవాళ్లకి అది వట్టి తోలుముక్క కాదు. ద్వేష చిహ్నం అంటే ఇదీ. మనిషిని వాడి పుట్టుక దగ్గరికి ఈడ్చి, నువ్వు మాలో వాడివి కాదు, ఉంటే మా కింద ఉండు, లేకపోతే ప్రాణం దక్కదు అని చెప్పేది. ఈ కొలత పెట్టుకుంటే నల్ల జెండా ద్వేషం లెక్కలోంచి బయటపడిపోతుంది, దిష్టిబొమ్మ బయటపడిపోతుంది, 'కశ్మీర్ బ్లాక్ డే' కూడా బయటపడిపోతుంది. (మగ అధికారులకి గాజులు, చీరలు పంపే నిరసన మాత్రం ఈ కొలత ముందు కాస్త తల దించుకోవాల్సిందే. ఆడదానిలా ఉన్నావు అనడమే తిట్టు అనుకుని మహిళా సంఘాల వాళ్లే గాజులు పట్టుకెళ్లడం నాకెప్పటికీ మింగుడుపడదు. కేసు పెట్టమనను, మానెయ్యమంటాను.)

పోలీసుల పక్క నుంచి కూడా చూద్దాం. ఎస్సైకి ఉర్దూ బ్యానర్ చదవడం రాకపోవచ్చు, డీజేలో వచ్చే హిందీ పాటలో ఏ లైను ఎవరికి గుచ్చుకుంటుందో తెలియకపోవచ్చు, వెనక నుంచి ఏసీపీ వైర్‌లెస్ సెట్‌లో ఏమైంది ఏమైంది అని అడుగుతూ ఉంటాడు. పైగా సుప్రీంకోర్టు 2022లో మూడు రాష్ట్రాలతో మొదలుపెట్టి 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది: విద్వేష ప్రసంగం జరిగితే ఫిర్యాదు కోసం ఆగకుండా మీరే కేసు పెట్టండి, లేకపోతే కోర్టు ధిక్కారం అని. ఒక బెంచి అలా అంటుంది, ఇంకో బెంచి తొందరపడి ఎఫ్‌ఐఆర్‌లు కట్టకండి అంటుంది. మధ్యలో ఆయన టెన్షన్ ఆయనది. 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే నిషేధించారు నగరంలో. నా వరకు అది మంచి పనే, అది మాటని ఆపలేదు, మోతని ఆపింది, అందరికీ ఒకేలా.

నిజానికి దారి లేకపోలేదు, చట్టంలోనే ఉంది, వాడటం లేదంతే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కి ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని నాగరిక్ సురక్ష సంహితలో 173(3) ఉంది, ద్వేషం సెక్షన్ 196 సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది. ఆ ఎంపీ పెట్టిన కవిత్వం కేసులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది దాన్నే. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో ఇంకాస్త ముందుకెళ్లి, ఘాటైన రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసులు కట్టొద్దు, సున్నితమైన వాటిలో ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోండి అని మార్గదర్శకాలు ఇచ్చింది. పోస్టుకి పనికొచ్చే జాగ్రత్త ప్లకార్డుకి ఎందుకు పనికిరాదు? మఫ్టీలో స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఎలాగూ ప్రతి ధర్నానీ ఫోన్‌లో వీడియో తీస్తారు, ముఖాలతో సహా. నినాదంలో నేరం ఉంటే రేపు లాయర్‌ని కూర్చోబెట్టుకుని ఆ వీడియో చూసి కేసు పెట్టొచ్చు. ఇప్పటికిప్పుడు చెయ్యి వెయ్యాల్సింది కొట్టండి, చంపండి, తగలబెట్టండి అన్నప్పుడు, లేదా ఒక గుడి ముందో మసీదు ముందో చర్చి ముందో ఆగి అటువైపు గురిపెట్టినప్పుడు.

అది జరిగే రోజు వచ్చేదాకా ధర్నాకి వెళ్లేవాళ్లు కొన్ని తెలుసుకుంటే మంచిది. ప్లకార్డు దించమంటే ఏ ఆర్డర్ కింద అని మర్యాదగా అడగండి; 163 కింద ఇచ్చిన ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకి మించి ఉండదు, దాన్ని అందరికీ తెలిసేలా ప్రచురించాలని, భిన్నాభిప్రాయాన్ని నొక్కడానికి వాడకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో చెప్పింది. ఎస్సైతో రోడ్డు మీద ఆర్టికల్ 19 వాదించి గెలిచినవాళ్లెవరూ లేరు కాబట్టి అంతకు మించి వాదించకండి. వస్తువు స్వాధీనం చేసుకుంటే దాన్ని వీడియో తియ్యాల్సిన బాధ్యత ఇప్పుడు పోలీసులదే, నాగరిక్ సురక్ష సంహిత 105. స్టేషన్‌కి తీసుకెళ్తే ఎందుకో రాతపూర్వకంగా ఇవ్వమనండి. అన్నిటికంటే ముందు, బయల్దేరేటప్పుడే మీ ప్లకార్డు ముందూ వెనకా స్పష్టంగా ఫొటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపండి, ఎందుకంటే ఎఫ్‌ఐఆర్‌లో 'రెచ్చగొట్టే రాతలు గల ప్లకార్డు' అని మాత్రమే ఉంటుంది, ఏం రాశారో ఉండదు.